ఒక్కసారి నొక్కితే రెండుసార్లు ఎగురుతున్నాడు!

పోయిన నెల ఈ పేజీలో, చేతిలో పట్టేంత గేమింగ్ కంప్యూటర్‌ని ఇంట్లోనే కట్టుకోవడం గురించి రాశాను. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు (అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, ఇక్కణ్ణుంచి ‘పై బోర్డు’ అంటే ఇదే), ఏడంగుళాల తెర, రెండు బ్యాటరీ సెల్స్, త్రీడీ ప్రింటర్ మీద తీసిన డబ్బా, చుట్టూ బటన్లు, ఇంతే సరుకు. బటన్లని నేరుగా పై బోర్డుకి కలపకుండా మధ్యలో రాస్ప్‌బెర్రీ పై పికో లాంటి చిన్న బోర్డు పెట్టి, దాని నుంచి యూఎస్‌బీ వైరు లాగమని కూడా చెప్పాను. విన్నవాళ్లు కొందరు, విననివాళ్లు చాలామంది. వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు చూస్తే తెర గురించి అడిగింది ఒకరిద్దరే, మిగతావాళ్లలో చాలామందికి బటన్లతోనో స్టిక్‌తోనో తలనొప్పే. అందుకే ఈ నెల పేజీ చాలావరకు కంట్రోల్స్‌కి వదిలేశాను. ఒకేలాంటి ప్రశ్నలని కలిపేశాను, పేర్లు తీసేసి పేటలు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అన్నా, నాది బీటెక్ ఫైనల్ ఇయర్. పన్నెండు బటన్లు నేరుగా పై బోర్డు జీపీఐఓ పిన్నులకి (బయటి వస్తువులు తగిలించే కాళ్లకి) కలిపాను. జంప్ బటన్ ఒక్కసారి నొక్కితే హీరో రెండుసార్లు ఎగురుతున్నాడు. ఒక్కోసారి నేను ముట్టుకోకుండానే స్టార్ట్ నొక్కినట్టు గేమ్ ఆగిపోతోంది. స్విచ్‌లన్నీ కొత్తవి వేసినా అంతే. బోర్డు పోయిందంటావా? (ఉప్పల్)

జవాబు: బోర్డు పోలేదు తమ్ముడూ, కంగారుపడకు. నువ్వు చెప్పినవి రెండూ వేర్వేరు గొడవలు, నువ్వేమో రెండింటికీ స్విచ్‌నే తిడుతున్నావు.

ముందు ఎగురుడు సంగతి. స్విచ్ లోపలి రేకు కాంటాక్ట్‌కి తగలగానే కుదురుగా నిలబడదు. కొన్ని మిల్లీసెకన్ల పాటు టకటకా కొట్టుకుని అప్పుడు ఆగుతుంది. మన వేలికి ఇది తెలీదు కానీ ప్రాసెసర్‌కి ఆన్, ఆఫ్, ఆన్ అని వరసగా కనిపిస్తుంది. బౌన్స్ అంటారు దీన్ని. కొత్త స్విచ్‌లోనూ ఉంటుంది, అందుకే మార్చినా ఫలితం లేదు. నిజంగా అదేనా కాదా అని తేల్చుకోవాలంటే పై మీద ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, గేమ్ ఏదీ తెరవకుండా, బటన్ మెల్లగా ఒక్కసారి నొక్కి వదులు. నొక్కినప్పుడు 1, వదిలినప్పుడు 0 అని ఒక్కో వరస రావాలి, పక్కన టైమ్ కూడా పడుతుంది. ఒక్క నొక్కుకే 1, 0, 1 అని రెండుమూడు మిల్లీసెకన్ల తేడాలో పడితే అది బౌన్సే. అలా కాకుండా శుభ్రంగా 1, 0 వచ్చి, గేమ్‌లో మాత్రం రెండుసార్లు ఎగిరితే తప్పు స్విచ్‌ది కాదు. ఆ బటన్‌ని ఒకసారి కీబోర్డ్ కీగా, ఇంకోసారి జాయ్‌ప్యాడ్ బటన్‌గా రెండుచోట్లా పెట్టుకుని ఉంటావు. పాత గేమ్స్ ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో ఇది నేను తరచూ చూసేదే.

బౌన్స్ అయితే కోడ్‌లోనే సరిచెయ్యాలి. మొదటి 1 కనిపించగానే గేమ్‌కి పంపించెయ్, ఆ తర్వాత 5 మిల్లీసెకన్ల పాటు ఆ బటన్ ఏం చెప్పినా వినకు. లినక్స్ సొంత జీపీఐఓ కీస్ డ్రైవర్ కూడా మనం ఏ అంకే ఇవ్వకపోతే 5 మిల్లీసెకన్లే తీసుకుంటుంది. ట్యుటోరియల్స్‌లో కనిపించే 50 మిల్లీసెకన్ల డిలే మాత్రం కాపీ కొట్టకు. ఎల్‌ఈడీ వెలిగించుకోవడానికి అది చాలు. సెకనుకి 60 ఫ్రేములు ఆడే గేమ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, అంటే నీ హీరో మూడు ఫ్రేములు ఆలస్యంగా ఎగురుతాడు, గోతిలో పడ్డాక ఎగిరి లాభమేముంది.

ఇక ముట్టుకోకుండానే స్టార్ట్ పడటం. స్టార్ట్‌ని ఏ పిన్నుకి ఇచ్చావో రాయలేదు. పై బోర్డు మీద జీపీఐఓ 2, 3 పిన్నులకి 1.8 కిలోఓమ్‌ల గట్టి పుల్‌అప్ (పిన్నుని 3.3 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) బోర్డులోనే ఉంటుంది. మిగతావాటికి చిప్ లోపలిది దాదాపు 50 కిలోఓమ్‌లు, చాలా బలహీనం, పైగా అది మనమే ఆన్ చెయ్యాలి. 9 నుంచి 27 వరకు పిన్నులైతే బోర్డు లేచేటప్పటికి పుల్‌డౌన్‌లో, అంటే గ్రౌండ్ వైపు లాగి ఉంటాయి. బటన్ ఒక కాలు గ్రౌండ్‌కి ఇచ్చి, పుల్‌అప్ ఆన్ చెయ్యడం మర్చిపోతే ఆ పిన్ను ఎప్పుడూ నొక్కినట్టే చెబుతుంది, పుల్‌డౌన్ కూడా తీసేసి ఉంటే ఏం చెబుతుందో దానికే తెలీదు. అది సరిగ్గానే ఉందనుకుంటే, పొడుగాటి వైరు స్పీకర్ ఆంప్లిఫయర్ పక్కనుంచి పోతోందేమో చూడు. స్పీకర్ వైరు ఊడదీసి కాసేపు సౌండ్ లేకుండా ఆడు. స్టార్ట్ దానంతటది పడటం ఆగిపోతే దొంగ దొరికినట్టే. అప్పుడు ఆ పిన్నుకీ 3.3 వోల్టులకీ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వెయ్యి (పొరపాటున కూడా 5 వోల్టులకి కాదు, పిన్ను పోతుంది), బటన్ వైరునీ దాని గ్రౌండ్ వైరునీ మెలిపెట్టి తీసుకురా, స్పీకర్ గ్రౌండ్‌ని విడిగా బ్యాటరీ దగ్గరికే తీసుకెళ్లు.

అన్నీ అయ్యాక నా పాత పాట మళ్లీ పాడతాను: ఐదొందల లోపు వచ్చే పికోకి బటన్లు అప్పగించెయ్. పై బోర్డు మెమరీ కార్డు చదువుకుంటూ బిజీగా ఉన్నా పికోకి వేరే పని లేదు. అంతకంటే ముఖ్యం, ఏదన్నా తేడా వస్తే ఆ ఒక్క యూఎస్‌బీ వైరు పీకి మీ ఇంట్లో లాప్‌టాప్‌కి పెట్టి చూడొచ్చు. అక్కడ బాగా పనిచేస్తే డబ్బాలో బటన్ల వైపు విప్పాల్సిన అవసరమే ఉండదు.

ప్రశ్న: సార్, మీరు చెప్పినట్టే పికో పెట్టాను. బటన్లు సూపర్. స్టిక్‌తోనే టెన్షన్. వదిలేసినా హీరో కుడివైపు నడుస్తూనే ఉంటాడు. కుడికి కొంచెం తోస్తే చాలు ఫుల్ స్పీడ్. ఎడమకి తోస్తే మాత్రం మెల్లగా తిరుగుతాడు. డెడ్‌జోన్ (నడుమ చుట్టూ కదలికని లెక్కచెయ్యని జాగా) 30 శాతం పెట్టినా మార్పు లేదు. స్టిక్ వదిలేసినప్పుడు రీడింగ్ 3100 చూపిస్తోంది. స్టిక్ మార్చాలా? (కూకట్‌పల్లి)

జవాబు: రీడింగ్ రాసి పంపినందుకు ముందు మీకో దండం. ఆ 3100 లేకపోతే నేనూ స్టిక్ మార్చమనే చెప్పేవాణ్ణేమో.

పికోలో అనలాగ్ రీడింగ్ 12 బిట్లు, అంటే 0 నుంచి 4095. అందులో 4095 అంటే 3.3 వోల్టులు. స్టిక్ లోపల ఉండేవి రెండు మామూలు పొటెన్షియోమీటర్లు (తిప్పితే రెసిస్టెన్స్ మారేవి), నడుమ ఉన్నప్పుడు వాటికి ఇచ్చిన వోల్టేజిలో సగం బయటికొస్తుంది, అంటే 2048 దగ్గర రావాలి. మీకు 3100 వస్తోందంటే 2.5 వోల్టులు వస్తున్నాయి. 2.5 దేనిలో సగం? 5లో. మీ స్టిక్‌కి 5 వోల్టులు ఇచ్చారు, ఆ మాడ్యూల్ మీద ప్లస్ 5 అని అచ్చేసి ఉంటుంది, దాన్ని నమ్మి పికో 40వ పిన్నుకి కలిపి ఉంటారు. మీరు చెప్పిన మిగతా లక్షణాలూ దీనికే సరిపోతున్నాయి. కుడివైపు మూడో వంతు తోసేసరికే 3.3 దాటిపోయి రీడింగ్ 4095లో ఇరుక్కుంటుంది, ఫుల్ స్పీడ్ అందుకే. వదిలేసినప్పటి రీడింగే నడుమ నుంచి 50 శాతం పక్కకి పోయి ఉంటే 30 శాతం డెడ్‌జోన్ ఏం ఆపుతుంది?

ఆ వైరు తీసి 36వ పిన్నుకి, అంటే 3.3 వోల్టుల అవుట్‌పుట్‌కి మార్చండి. స్టిక్‌కి ఏ ఇబ్బందీ లేదు, లోపల ఉన్నవి రెసిస్టెన్సులే కదా. పికో అనలాగ్ పిన్నులు మాత్రం 5 వోల్టులు తట్టుకునేవి కావు, ఇంతవరకు బతికి ఉందంటే మీ అదృష్టం. మార్చాక ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పి, రీడింగ్ ఎక్కడైనా ఎగిరి దూకుతోందేమో చూసుకోండి. దూకితే వేరే అనలాగ్ పిన్నుకి జరపండి, మొత్తం మూడున్నాయి: జీపీ26, 27, 28.

ఇక డెడ్‌జోన్ సరిగ్గా పెట్టడం. వైరు మార్చాక కూడా నడుమ సరిగ్గా 2048 రాదు. 1980 రావచ్చు, 2110 రావచ్చు, ఏ రెండు స్టిక్‌లూ ఒక్కలా ఉండవు. అందుకని ఆన్ చేసిన వెంటనే, స్టిక్ ముట్టుకోకముందు ఓ యాభై రీడింగులు తీసి సగటుని నడుమగా పెట్టుకోండి. చివర్లు కూడా 0, 4095 దాకా పోవు. మీ స్టిక్ 200 నుంచి 3900 దాకా పోతుంటే వాటినే చివరలు అనుకోండి, లేదంటే హీరో ఎప్పటికీ పూర్తిగా పరిగెత్తడు. చాలామంది చేసేదేంటంటే, అడ్డానికి ఒక డెడ్‌జోన్, నిలువుకి ఒక డెడ్‌జోన్ విడివిడిగా పెడతారు. అప్పుడు ఏటవాలుగా గురిపెట్టబోతే గురి నిలువు గీతకో అడ్డగీతకో అతుక్కుపోతుంది. రెండింటినీ కలిపి నడుమ నుంచి దూరం ఎంతో లెక్కగట్టి, ఆ దూరం 8, 10 శాతం లోపుంటే సున్నా అనాలి. ఆ గీత దాటిన చోట వేగం ఒక్కసారిగా 10 శాతంతో మొదలవకుండా, అక్కణ్ణుంచి సున్నాతో మొదలయ్యేలా లెక్కని సాగదియ్యాలి. ఈ ఒక్క పనితో సంతలో కొన్న స్టిక్ కూడా కంపెనీ స్టిక్‌లా ప్రవర్తిస్తుంది.

కొన్నాళ్లకి పొటెన్షియోమీటర్ల లోపలి కార్బన్ పూత అరిగి డ్రిఫ్ట్, అంటే వదిలేసినా నడిచే జబ్బు, మళ్లీ వస్తుంది, అప్పుడు హాల్ ఎఫెక్ట్ స్టిక్‌కి మారండి. అందులో అయస్కాంతంతో పని, రాపిడి ఉండదు. కానీ దాని పక్కనే స్పీకర్ బిగించకండి. స్పీకర్ వెనక ఉన్నది కూడా అయస్కాంతమే, హీరో మళ్లీ తనంతట తానే నడుస్తాడు.

ప్రశ్న: పిన్నులు కలిసొస్తాయని 16 బటన్లని నాలుగు వరసలు, నాలుగు నిలువుల మ్యాట్రిక్స్‌గా కలిపాను. రెండు నొక్కితే బాగానే ఉంది, మూడు కలిపి నొక్కితే నేను నొక్కని నాలుగోది కూడా పడుతోంది. (మౌలాలి)

జవాబు: నొక్కిన మూడూ మ్యాట్రిక్స్‌లో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉంటాయి, గమనించండి. కరెంటు వాటి గుండా చుట్టు తిరిగి నాలుగో మూలకి దొడ్డిదారిన వస్తుంది. ఒక్కో బటన్‌కి, కరెంటుని ఒకవైపే పోనిచ్చే 1ఎన్4148 డయోడ్ ఒకటి వేస్తే పోతుంది, అన్నిటికీ నల్లగీత ఒకే వైపు ఉండాలి. రూపాయో రెండో పడే వస్తువు. అయినా పికోకి 26 పిన్నులున్నాయి, 16 బటన్లకి మ్యాట్రిక్స్ దేనికండీ? ఒక్కోదానికి ఒక్కో పిన్ను ఇచ్చి హాయిగా ఉండండి.

ప్రశ్న: ఆడుతూ ఉండగా కంట్రోలర్ పోతుంది, రెండు సెకన్లకి మళ్లీ వస్తుంది. ఫైటింగ్ సీన్‌లో, సౌండ్ ఎక్కువ పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. తెర మూలన పసుపు మెరుపు గుర్తు వస్తోంది. కోడ్ అంతా తిరగరాశాను. బ్యాటరీ కొత్తదే, 9900 ఎంఏహెచ్ సెల్ ఒకటి, ఛార్జింగ్‌కి టీపీ4056 మాడ్యూల్, దాని తర్వాత వోల్టేజిని 5 వోల్టులకి పెంచే బూస్ట్ మాడ్యూల్. (మలక్‌పేట)

జవాబు: కోడ్‌ని వదిలెయ్యండి. ఆ మెరుపు గుర్తు బోర్డుకి కరెంటు చాలట్లేదని చెప్పడమే, 5 వోల్టులు కాస్తా 4.63 కంటే తగ్గగానే వస్తుంది. తగ్గినప్పుడు యూఎస్‌బీ మీద ఉన్న కంట్రోలర్ రీసెట్ అవుతోంది.

లెక్క చూడండి. పై 4 గేమ్ ఆడుతున్నప్పుడు 6 వాట్లు, తెరా సౌండూ కలిపి ఇంకో 3 వాట్లు అనుకుందాం. బూస్ట్ మాడ్యూల్‌లో పదో వంతు పైనే వేడిగా పోతుంది కాబట్టి 3.7 వోల్టుల సెల్ నుంచి 2.8 ఆంపియర్లు లాగాలి. సెల్ దిగిపోయేకొద్దీ ఇంకా ఎక్కువ. ఒక్క సెల్ అంత ఇవ్వాలంటే మంచిదై ఉండాలి, మీది కాదు. 18650 సైజులో (లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే గుండ్రటి సెల్) 9900 ఎంఏహెచ్ అనేదే లేదు, పేరున్న కంపెనీలవే చాలావరకు 3500 దరిదాపుల్లో ఆగిపోతాయి. స్టిక్కర్ మీద ఎంత పెద్ద అంకె ఉంటే లోపల అంత డొల్ల అనుకోండి. నికార్సయిన 3000 ఎంఏహెచ్ సెల్స్ రెండు, ఒకే బ్రాండువి, ఒకేసారి కొన్నవి, ప్యారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే ఈ లెక్కన రెండు గంటలు ఆడొచ్చు.

సెల్ మార్చేముందు మల్టీమీటర్‌తో గేమ్ నడుస్తుండగా కొలవండి, కొలిచేది బూస్ట్ మాడ్యూల్ దగ్గర కాదు, పై బోర్డు 4వ, 6వ పిన్నుల మీద. మాడ్యూల్ దగ్గర 5.1 ఉండి బోర్డు దగ్గర 4.6 ఉంటే మధ్యలో వైర్లు తింటున్నాయి. బ్రెడ్‌బోర్డుకి వాడే సన్నటి జంపర్ వైర్లు పెట్టి ఉంటారు. ఆన్ ఆఫ్‌కి పెట్టిన బుల్లి స్లైడ్ స్విచ్ కూడా అర ఆంపియర్‌కో ఇంకా తక్కువకో చేసింది అయ్యుంటుంది, దాని గుండా మూడు ఆంపియర్లు పంపుతున్నారు, చేత్తో ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది చూడండి. లావుపాటి పొట్టి వైర్లు వేసి, స్విచ్ పెద్దది పెట్టండి. ఇంకోటి, టీపీ4056 ఎంత మొత్తుకున్నా 1 ఆంపియర్ మించి ఛార్జ్ చెయ్యదు, ఛార్జ్ చేస్తూ ఆడటానికి చేసిన చిప్ కూడా కాదది. మీరేమో ప్లగ్గు పెట్టి ఆడినా బ్యాటరీ దిగుతూనే ఉంటుంది. ఛార్జింగ్‌నీ వాడకాన్నీ విడదీసే పవర్ బోర్డులు దొరుకుతాయి, అది కొనండి.

ప్రశ్న: పాత లాప్‌టాప్ మదర్‌బోర్డుతో విండోస్ హ్యాండ్‌హెల్డ్ కడుతున్నాను. కంట్రోల్స్‌కి ఆర్డ్యునో ప్రో మైక్రో అనే చిన్న బోర్డు, జాయ్‌స్టిక్ లైబ్రరీ. విండోస్ టెస్ట్ పేజీలో బటన్లన్నీ వెలుగుతున్నాయి, పాత గేమ్స్ ఆడుతున్నాయి. కొత్త గేమ్స్ మాత్రం కంట్రోలర్ లేదంటున్నాయి. సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ ఇది అడగాల్సి రావడం కొంచెం సిగ్గుగా ఉంది. (గచ్చిబౌలి)

జవాబు: సిగ్గెందుకు, ఇది మైక్రోసాఫ్ట్ పెట్టిన చిక్కు. విండోస్‌లో కంట్రోలర్‌తో మాట్లాడటానికి డైరెక్ట్ఇన్‌పుట్ అని పాత దారి ఒకటి, 2005లో ఎక్స్‌బాక్స్ 360 కాలంలో వచ్చిన ఎక్స్ఇన్‌పుట్ అని ఇంకోటి. మీ లైబ్రరీ పాత దారిలో కనిపిస్తుంది, కొత్త గేమ్స్ చాలావరకు రెండో దారినే చూస్తాయి. మీ సోల్డరింగ్, మీ కోడ్ రెండూ సరిగ్గానే ఉన్నాయి.

గేమ్స్ అన్నీ స్టీమ్ (గేమ్స్ కొని ఆడుకునే యాప్) నుంచే ఆడతానంటే స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేసి బటన్లు ఒకసారి చూపిస్తే చాలు, అదే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లా నటిస్తుంది. అలా కాదంటే ప్రో మైక్రో తీసి పికో పెట్టి, జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్) వేసుకోండి. అందులో ఎక్స్ఇన్‌పుట్ మోడ్ ఉంటుంది, కోడ్ ఒక్క వరస రాయక్కర్లేదు. నన్నడిగితే అన్నిటికంటే తక్కువ ఖర్చు, తక్కువ తలనొప్పి దారి ఇంకోటుంది: ఎక్స్ఇన్‌పుట్ అని రాసి ఉన్న చవక వైరు గేమ్‌ప్యాడ్ ఒకటి కొని, విప్పి, దాని బోర్డునే మీ డబ్బాలో పెట్టడం. ఆ బోర్డు మీద బటన్ల చోట ఉన్న నల్లటి కార్బన్ పూత గీకి రాగి కనిపించాక సోల్డర్ చెయ్యాలి, పూత మీద సోల్డర్ పట్టదు. ఎడం, కుడి ట్రిగ్గర్లకి మామూలు బటన్లు పెడితే రేసింగ్ గేమ్‌లో యాక్సిలరేటర్ ఉంటే ఫుల్, లేకపోతే సున్నా, మధ్యలో ఏమీ ఉండదు. రేసులు ఆడేవాళ్లయితే ట్రిగ్గర్‌కి కూడా చిన్న పొటెన్షియోమీటర్ పెట్టుకోండి.

విండోస్‌కి మౌస్ కూడా కావాలి, అది డబ్బా మూసేశాక గుర్తొస్తుంది అందరికీ. 2016లో వచ్చిన జీపీడీ విన్ అనే బుల్లి కంప్యూటర్‌లో దీనికి మూడు స్థానాల స్విచ్ ఒకటి పెట్టారు: ఒకవైపు డైరెక్ట్ఇన్‌పుట్, ఒకవైపు ఎక్స్ఇన్‌పుట్, నడుమ మౌస్. మీ పక్కపలకలో అలాంటి స్విచ్‌కి ఇప్పుడే ఒక కన్నం వదలండి.

ప్రశ్న: డీప్యాడ్ (నాలుగు దిక్కుల ప్లస్ ఆకారం బటన్) నేనే డిజైన్ చేసి ప్రింట్ తీశాను, కింద నాలుగు పుష్ బటన్లు. కిందికి నొక్కితే దాంతోపాటు ఎడమ కూడా పడుతోంది, మధ్యలో నొక్కితే నాలుగూ పడుతున్నాయి. (తార్నాక)

జవాబు: మీ ప్లస్ ఆకారం కింద, నడిమధ్యలో బొడిపె లేదు కదూ? నింటెండోలో గుంపెయ్ యొకొయ్ 1982లో గేమ్ అండ్ వాచ్ డాంకీ కాంగ్ కోసం ఈ డీప్యాడ్ తెచ్చినప్పటి నుంచీ దాని కిటుకు ఒక్కటే, అది తేలదు, ఊగుతుంది. నడుమ ఇరుసు మీద ఆనుకుని ఉంటుంది, ఒక కొమ్మ దిగితే ఎదుటి కొమ్మ లేస్తుంది, ఎడమా కుడీ ఒకేసారి పడే వీలే లేదు. మీది నాలుగు స్విచ్‌ల మీద పలకలా కూర్చుంది, వేలు ఎటు బరువేస్తే అటు ఒరుగుతుంది. నడుమ గుండ్రటి బొడిపె పెట్టండి, వేలు ఆనించనప్పుడు ప్లస్ దాని మీద ఆగాలి, స్విచ్‌ల మీద కాదు. స్విచ్‌కీ కొమ్మకీ మధ్య కాగితం మందం సందు ఉంటే మంచిది. స్విచ్‌లు గట్టివైతే ప్లస్ ఒరగకముందే వేలు నొప్పి పుడుతుంది, మెత్తవి వాడండి, లేదా పాడైన ప్యాడ్‌లోంచి రబ్బరు గుమ్మటాలు తీసి పెట్టండి. ఎడమా కుడీ రెండూ కలిసి వస్తే ఏదీ పంపొద్దని కోడ్‌లో కూడా ఒక మాట రాసుకోండి, కొన్ని పాత గేమ్స్ ఆ రెండూ కలిసి వస్తే పిచ్చెక్కిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పరీక్షలయ్యాక ఇది చేస్తానంటున్నాడు. లిథియం బ్యాటరీలు పేలతాయని చూశాను. చెయ్యనివ్వొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: చెయ్యనివ్వండమ్మా, కానీ మొదటిసారికి విడి సెల్స్ వద్దు. పేరున్న కంపెనీ పవర్‌బ్యాంక్ ఒకటి, 5 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చేది, డబ్బా వెనక రబ్బరు బ్యాండుతో కట్టుకున్నా ఫర్వాలేదు, అందంగా లేకపోయినా భద్రం. ఎర్రగడ్డ సంతలో పాత లాప్‌టాప్ బ్యాటరీలు చవగ్గా దొరుకుతాయి, వాటిని పగలగొట్టి సెల్స్ తీసుకుంటామని ఈ వయసు పిల్లలు తప్పకుండా అంటారు, అదొక్కటి మాత్రం ఒప్పుకోకండి. ఆ సెల్స్ ఎంత వాడారో, ఎప్పుడు షార్ట్ అయ్యాయో ఎవరికీ తెలీదు. సెల్‌కి నేరుగా సోల్డరింగ్ చెయ్యడం కూడా కూడదు, వేడికి లోపల దెబ్బతింటుంది. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, కిటికీ పక్కన కూర్చుని చెయ్యమనండి, మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి లేచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఛార్జింగ్ పరుపు మీదా దిండు పక్కనా వద్దు, రాత్రి పెట్టి పడుకోవడం అసలే వద్దు. సెలవుల్లో ఏం కడుతున్నాడో మీకూ ఒకసారి విప్పి చూపించమనండి, వాడికి అదొక సరదా.

ప్రశ్న: పాత గేమ్స్ ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి. (మూడు నాలుగు పేటల నుంచి)

జవాబు: చెప్పను. అవి కాపీరైట్ ఉన్నవి. హోమ్‌బ్రూ అని వెతకండి, పాత మెషీన్ల కోసం ఇప్పటికీ కొత్త గేమ్స్ రాసి ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు, వాటిలో కొన్ని అప్పటివాటి కంటే బాగుంటాయి.

ప్రశ్న: మాది హన్మకొండ. ఒక్కరోజు హైదరాబాద్ వచ్చి సామాన్లన్నీ కొనుక్కెళ్లాలి. ఎక్కడెక్కడికి వెళ్లాలి? డబ్బా ఎక్కడ ప్రింట్ చేయించాలి?

జవాబు: పొద్దున్నే కోఠి గుజరాతీ గల్లీ. స్విచ్‌లు, డయోడ్లు, రెసిస్టర్లు, పికో, పై, వైర్లు అన్నీ ఆ సందులోనే, కొనే ముందు రెండు మూడు షాపులు అడగండి, పై బోర్డు ధర షాపు షాపుకీ మారుతుంది. స్విచ్‌లు పది కావాలంటే ఇరవై కొనండి, నొక్కి చూసి చప్పుడు ఒకేలా ఉన్నవి ఏరుకోండి. స్క్రూలు, స్పేసర్లు, చిన్న పనిముట్లకి రాణిగంజ్. పాత గేమ్‌ప్యాడ్, మెమరీ కార్డు, లాప్‌టాప్ విడిభాగాలు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చూడండి. మధ్యాహ్నం దాటితే ట్రాఫిక్‌లో సగం రోజు పోతుంది, కోఠి ముందు, సికింద్రాబాద్ తర్వాత, అక్కణ్ణుంచే మీ రైలు.

డబ్బా విషయానికొస్తే, రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ ఉంది, 78 వేల చదరపు అడుగుల్లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, సర్క్యూట్ బోర్డు పనులూ అన్నీ ఒకచోటే. ముందుగా మాట్లాడుకుని వెళ్లండి. ఒక్క డబ్బా కోసమైతే ప్రైవేటు ప్రింటింగ్ వాళ్లు గ్రాముకింత అని తీసుకుని చేసిస్తారు. ఎక్కడ చేయించినా పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు, పీఈటీజీ ప్లాస్టిక్ అడగండి. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేశారంటే డబ్బా వంగి బటన్లన్నీ లోపలే ఇరుక్కుంటాయి, అప్పుడు కంట్రోల్స్ పనిచెయ్యట్లేదని మళ్లీ నాకే రాస్తారు.

ప్రశ్న: సొంతంగా చేసిన ఈ మెషీన్ని శంషాబాద్ నుంచి విమానంలో తీసుకెళ్లొచ్చా? (బేగంపేట)

జవాబు: చేతి సంచిలో తీసుకెళ్లండి, కౌంటర్లో ఇచ్చే లగేజీలో పెట్టకండి. బ్యాటరీ 100 వాట్‌అవర్ల లోపుండాలి, మన రెండు సెల్స్ కలిపినా 22 దగ్గరే. విడిగా పవర్‌బ్యాంక్ ఉంటే అదీ చేతి సంచిలోనే. వైర్లు బయటికి వేలాడుతూ, టేపు చుట్టి ఉన్న డబ్బా అయితే సెక్యూరిటీ వాళ్లు ఆపకుండా ఉండరు, వాళ్ల తప్పేమీ లేదు. మూత సరిగ్గా బిగించి, బ్యాటరీలో ఛార్జ్ ఉంచుకుని, ఆన్ చెయ్యమంటే చేసి చూపించండి.